వారం చూసి ఊరు ఎంచుకోండి: దక్షిణ ఫ్రాన్స్ పాత పట్టణాలు తిరిగే పద్ధతి

పారిస్ వెళ్లేవారికి అది ఏ వారమో, అంటే సోమవారమా, ఆదివారమా అన్నదానితో పెద్దగా పని ఉండదు. ఏ రోజు అడుగుపెట్టినా ఏదో ఒక మ్యూజియం తెరిచి ఉంటుంది, రాత్రి పొద్దుపోయాక కూడా ఎక్కడో ఒకచోట భోజనం దొరుకుతుంది. చిన్న పాత పట్టణాల్లో ఆ వెసులుబాటు లేదు. మధ్యాహ్నం పన్నెండు కాగానే చాలా దుకాణాల తలుపులు మూతపడతాయి, రెండు దాటితే హోటళ్లలో పొయ్యి ఆర్పేస్తారు, ఆదివారం మధ్యాహ్నం మొదలైన నిశ్శబ్దం సోమవారమంతా సాగుతుంది. మనలో చాలామంది మ్యాప్ ముందు పెట్టుకుని, దగ్గరగా కనిపించిన ఊళ్లను వరసగా కలుపుతూ ప్రయాణం గీసుకుంటారు. అలా కాకుండా క్యాలెండర్ ముందు పెట్టుకోండి. ఏ ఊళ్లో ఏ రోజు సంత, ఏ రోజు సెలవు అన్నది తేలితే మిగతాది దానంతట అదే కుదురుకుంటుంది.

ఈ పద్ధతి ఎలాగో చెప్పడానికి రోన్ నది దిగువనున్న పట్టణాలను తీసుకుంటున్నాను: అవిన్యోన్, ఆర్ల్, నీమ్, ఒరాంజ్. అవిన్యోన్ నుంచి మిగతా మూడింటికీ రైలులో గంట లోపు ప్రయాణం. రెండు వేల ఏళ్ల నాటి రోమన్ కట్టడాలు వీటిలో ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మొదటిసారి పారిస్ దాటి వెళ్లే వారికి ఇంతకన్నా సులువైన చోటు ఫ్రాన్స్‌లో నాకు తట్టదు.

మొదటి పని: ఒకే ఊళ్లో దిగండి

రోజుకో హోటల్ మార్చే ప్రయాణం వద్దు. రాళ్లు పరిచిన సందుల్లో చక్రాల పెట్టెను లాగడం ఎంత కష్టమో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. పాత భవనాల్లో చాలావాటికి లిఫ్ట్ కూడా ఉండదు. అవిన్యోన్‌లో కనీసం ఐదారు రాత్రులకు గది తీసుకుని, అక్కడి నుంచి ఉదయం వెళ్లి సాయంత్రం తిరిగి రండి. ఒరాంజ్‌కు ఉత్తరంగా, ఆర్ల్‌కు దక్షిణంగా, నీమ్‌కు పడమరగా అవిన్యోన్ సెంటర్ స్టేషన్ నుంచే రైళ్లు వెళతాయి. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా కోటగోడ.

గది వెతికేటప్పుడు ఆ గోడల లోపలే చూసుకోండి. గోడ చుట్టుకొలత నాలుగు కిలోమీటర్ల పైచిలుకే కాబట్టి లోపల ఎక్కడ ఉన్నా అన్నిటికీ నడిచి వెళ్లవచ్చు. బుక్ చేసే ముందు మూడు సంగతులు అడగండి: లిఫ్ట్ ఉందా, ఏసీ ఉందా, రిసెప్షన్‌లో రాత్రి మనిషి ఉంటారా. చిన్న హోటళ్లలో సాయంత్రం ఏడెనిమిది తర్వాత ఎవరూ ఉండకపోవచ్చు. తలుపు కోడ్ ముందే మెయిల్‌లో పంపుతారు, ఆ మెయిల్‌ను ఫోనులో దాచుకోండి. గది అద్దెపై మనిషికి, రాత్రికి ఇంత అని స్థానిక పర్యాటక పన్ను విడిగా కట్టాల్సి రావచ్చు. అది మోసం కాదు.

ఏ నెలలో

మే, జూన్ మొదటి సగం, సెప్టెంబరు, అక్టోబరు మొదటి సగం. జులైలో అవిన్యోన్ జోలికి పోవద్దు, నాటకాలంటే ప్రాణమైతే తప్ప. 1947లో నాటక దర్శకుడు జాన్ విలార్ మొదలుపెట్టిన రంగస్థల ఉత్సవం ఆ నెలలో ఊరంతటినీ ఆక్రమిస్తుంది, గదుల ధరలు చుక్కలనంటుతాయి. ఎండ కూడా తక్కువేమీ కాదు. 35 డిగ్రీలు దాటే రోజులు మామూలే, పైగా రాతి గోడలు రాత్రి కూడా వేడిని వదలవు.

మే నెలలో సెలవులు ఎక్కువ. 1వ తేదీన దాదాపు అన్నీ మూసేస్తారు, చాలా ఊళ్లలో సిటీ బస్సులు కూడా తిరగవు. 8వ తేదీ కూడా సెలవే. ఇక ఏ నెలలో వెళ్లినా మిస్ట్రాల్‌కు సిద్ధంగా ఉండండి. ఉత్తరం నుంచి రోన్ లోయ వెంట దూసుకొచ్చే చల్లగాలి అది. ఆకాశం నిర్మలంగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, కానీ గాలి గంటకు వంద కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలదు. మే నెలలో కూడా గాలి ఆపే జాకెట్ ఒకటి సంచిలో ఉండాలి. గొడుగు వృథా.

వీసా

భారతీయ పాస్‌పోర్టుకు షెంగెన్ వీసా కావాలి, ఫ్రాన్స్‌తో పాటు చాలా యూరప్ దేశాలకు కలిపి చెల్లే వీసా అది. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. పెద్దలకు రుసుము 90 యూరోలు, ఆరు నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలకు 45. దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము దీనికి అదనం. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, పదిహేను రోజుల లోపు అయితే తీసుకోరు. వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం కాబట్టి రెండు మూడు నెలల ముందే కదలండి. తెలుగు రాష్ట్రాల వారికి హైదరాబాద్‌లోనే దరఖాస్తు కేంద్రం ఉంది.

ఫ్రాన్స్‌తో పాటు ఇటలీ, స్విట్జర్లాండ్ కూడా చూసేటట్టయితే ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. షెంగెన్ నుంచి బయటికి వచ్చే తేదీ తర్వాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు మిగిలి ఉండాలి. ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆమ్‌స్టర్‌డామ్‌లోనో విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే జరుగుతుంది. గంట వ్యవధి ఉన్న కనెక్షన్ తీసుకుని పరుగులు పెట్టకండి.

రైళ్లు: రెండు జాతులు, రెండు స్టేషన్లు

ఫ్రాన్స్‌లో మీకు రెండు రకాల రైళ్లతో పని పడుతుంది. వేగంగా దూరాలు వెళ్లేది టీజీవీ. దాని టికెట్ విమానం టికెట్ లాంటిది: ముందు కొంటే చవక, ఆలస్యమైన కొద్దీ మండుతుంది, సీటు నంబరు ఉంటుంది. ఊరి నుంచి ఊరికి తిరిగేది టీఈఆర్. దానికి సీటు నంబరు లేదు, రోజులు దగ్గరపడ్డాయని సాధారణంగా ధర పెరగదు, రిజర్వేషన్ బెంగ లేదు. అందుకే టీజీవీ టికెట్లు వీసా రాగానే కొనేయండి, టీఈఆర్ టికెట్లు ఆ రోజు ఉదయం కొన్నా చాలు. రెండూ ఫ్రెంచ్ రైల్వే వారి ఎస్ఎన్‌సీఎఫ్ కనెక్ట్ యాప్‌లో దొరుకుతాయి. టికెట్ లేకుండా ఎక్కి లోపల కొందామనుకుంటే ఎక్కువ కట్టాల్సి వస్తుంది.

పారిస్‌లో దిగేవారు ఊళ్లోకి వెళ్లకుండానే దక్షిణానికి రావచ్చు. షార్ల్ ద గాల్ విమానాశ్రయం రెండో టెర్మినల్ దగ్గరే టీజీవీ స్టేషన్ ఉంది, అక్కడి నుంచి నేరుగా అవిన్యోన్‌కు రైళ్లున్నాయి. ప్రయాణం మూడు గంటలకు కాస్త పైన. పారిస్ నగరం నుంచి అయితే గార్ ద లియోన్ స్టేషన్‌లో ఎక్కాలి, రెండు గంటల నలభై నిమిషాలు. విమానం దిగడానికి, రైలుకు మధ్య మూడు గంటలైనా ఉంచుకోండి.

అవిన్యోన్‌కు రెండు స్టేషన్లు. టీజీవీలు ఎక్కువగా ఊరి బయటి స్టేషన్‌లో ఆగుతాయి. అక్కడి నుంచి అవిన్యోన్ సెంటర్‌కు చిన్న రైలు ఐదారు నిమిషాల్లో చేరుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఏ స్టేషన్‌కు వెళ్లాలో టికెట్ మీద రెండుసార్లు చదువుకోండి. టీజీవీ తలుపులు బయలుదేరే సమయానికి రెండు నిమిషాల ముందే మూస్తారు, మన దగ్గరిలా కదిలే బండి ఎక్కే అవకాశమే లేదు. పెట్టెల మీద పేరు రాసిన చీటీ ఉండటం తప్పనిసరి, పెద్ద పెట్టెలు మనిషికి రెండే.

సమ్మె మాట వినిపిస్తే కంగారు వద్దు. మర్నాడు ఏ రైళ్లు నడుస్తాయో ముందురోజు సాయంత్రం ఐదింటికి ప్రకటిస్తారు. యాప్ చూసుకుని రోజులు అటూ ఇటూ మార్చుకోండి. ఒకే ఊళ్లో దిగడం వల్ల కలిసొచ్చేది ఇక్కడే.

ఏ రోజు ఏ ఊరు

గురువారం ఒరాంజ్‌తో మొదలుపెట్టండి. ఆ రోజు ఉదయం అక్కడ సంత. అవిన్యోన్ నుంచి పావుగంట పైచిలుకు రైలు, స్టేషన్ నుంచి ఇంకో పావుగంట నడక. సంత చూసుకుని రోమన్ నాటకశాలకు వెళ్లండి. చాలా రోమన్ నాటకశాలల్లో మెట్లే మిగిలాయి, ఇక్కడ వేదిక వెనుక గోడ కూడా నిలిచింది: 103 మీటర్ల పొడవు, 37 మీటర్ల ఎత్తు. తన రాజ్యంలో ఇంత మంచి గోడ మరోటి లేదని పద్నాలుగో లూయీ అన్నట్టు చెబుతారు. మెట్ల పై వరసకు ఎక్కి కూర్చుని, కింద ఎవరైనా మామూలు గొంతుతో మాట్లాడే దాకా ఆగండి. గోడ ఎందుకు కట్టారో చెవికే తెలుస్తుంది. తర్వాత ఊరి వెనుక గుట్ట ఎక్కితే అదే నాటకశాల పైనుంచి ఉచితంగా కనిపిస్తుంది.

శుక్రవారం అవిన్యోన్. 1309 నుంచి 1377 దాకా పోపులు రోమ్‌లో కాక ఇక్కడ ఉన్నారు. వారి కోసం 1335లో మొదలుపెట్టి ఇరవై ఏళ్ల లోపే ‘పోపుల భవనం’ అనే ఈ రాతి కట్టడాన్ని లేపారు. తర్వాతి కాలంలో సైనికులు మకాం పెట్టడం వల్ల లోపలి గదులు బోసిగా ఉంటాయి. అందుకే టికెట్‌తో ఇచ్చే టాబ్లెట్‌ను వద్దనకండి. ఖాళీ గది ముందు పట్టుకుంటే అప్పటి తెరలు, సామగ్రి, రంగులు తెర మీద కనిపిస్తాయి. ఉదయం తెరిచే వేళకే వెళ్లండి, పది దాటితే గుంపులు దిగుతాయి.

‘అవిన్యోన్ వంతెన మీద’ అనే ఫ్రెంచ్ పిల్లల పాటలో పేరు మోసిన సగం వంతెనకు ఒకప్పుడు 22 కమానులు, ఇప్పుడు మిగిలినవి 4. దాని మీద నడవడానికి టికెట్ కొనడం నా దృష్టిలో అనవసరం. వంతెన మీద నిలబడితే వంతెన కనిపించదు కదా. పోపుల భవనం పక్కనున్న రోషే దే దోమ్ తోట నుంచి చూడండి, లేదా నది అవతలి గట్టు నుంచి సాయంత్రం వెలుగులో చూడండి. రెండూ ఉచితం.

శనివారం ఆర్ల్. ఈ ఒక్క రోజునూ దేని కోసమూ వదులుకోవద్దు. శనివారం ఉదయం బులెవార్ దే లీస్ వీధి పొడవునా సంత సాగుతుంది: ఆలివ్‌లు, మేక పాల జున్ను, తేనె, కామార్గ్ బియ్యం, పండ్లు, బట్టలు. అవును, బియ్యం. ఆర్ల్‌కు దక్షిణాన కామార్గ్ అనే రోన్ డెల్టాలో వరి పండిస్తారు. ఎర్ర బియ్యం కిలో సంచి ఒకటి కొనుక్కోవచ్చు.

బట్టల దగ్గర మాత్రం ఆగండి. ఎరుపు, పసుపు, నీలం నేలపై చిన్న చిన్న పువ్వుల అచ్చులు ఎక్కడో చూసినట్టే ఉంటాయి. వాటిని ఇక్కడ ‘ఆందియెన్’ అంటారు, భారతీయ వస్త్రాలని. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల నుంచి అద్దకం బట్టలు మార్సేయి రేవుకు చేరేవి. వాటి గిరాకీకి స్థానిక నేత దెబ్బతింటోందని 1686లో ఫ్రాన్స్ రాజ్యం వాటి దిగుమతిని, తయారీని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా ఉంది. అవిన్యోన్ అప్పట్లో పోపుల సొంతం, ఫ్రాన్స్ రాజు చట్టం చెల్లని చోటు. అందువల్ల అక్కడ కొంతకాలం అద్దకం యథేచ్ఛగా సాగింది. ఇప్పుడు సంతలో చవగ్గా అమ్మేవాటిలో చాలావరకు యంత్రం మీద అచ్చు వేసినవే, బహుమతులకు పనికొస్తాయి. పాత రకాలు చూడాలంటే మ్యూజియోన్ ఆర్లాతెన్‌కు వెళ్లండి. ప్రొవాన్స్ అనే ఈ ప్రాంతపు జనజీవనం కోసం కవి ఫ్రెడెరిక్ మిస్ట్రాల్ 1899లో తెరిచిన సంగ్రహాలయం అది. కలంకారీ తెలిసిన కంటికి అక్కడి లంగాలు, శాలువాలు పరాయివిగా అనిపించవు.

మధ్యాహ్నం అరేనా చూడండి. మొదటి శతాబ్దం చివర కట్టిన ఈ రాతి వలయంలో ఇరవై వేల మంది కూర్చునేవారు. ఇప్పటికీ ఎద్దుల ఆటలు జరుగుతాయి, టికెట్ కొనే ముందు ఏ ఆటో అడగండి. కొరిడా అంటే ఎద్దును చంపుతారు. కామార్గ్ పద్ధతి ఆటలో చంపరు. తెల్లబట్టల యువకులు ఎద్దు కొమ్ములకు కట్టిన దారాలు, కుచ్చులు లాక్కుని కంచె దూకి తప్పించుకుంటారు. చిత్తూరు జిల్లా పశువుల పండుగలో కొమ్ములకు కట్టిన పలకల కోసం ఎగబడటం చూసినవారికి ఈ ఆట వెంటనే అర్థమైపోతుంది.

చిత్రకారుడు వాన్ గో 1888 ఫిబ్రవరి నుంచి 1889 మే దాకా ఇక్కడ ఉన్నాడు. ఆయన అద్దెకున్న పసుపు ఇల్లు 1944 బాంబు దాడుల్లో పోయింది. ఆయన పేరిట ఉన్న సంస్థలో అరువు తెచ్చిన చిత్రాలు ప్రదర్శిస్తారు, ఆ సమయంలో ఏవి ఉన్నాయో చూసుకుని వెళ్లండి. సమయం తక్కువైతే నేను దాని బదులు పురావస్తు మ్యూజియానికి వెళతాను. 2007లో రోన్ నది అడుగున దొరికిన పాలరాతి తల అక్కడుంది, జూలియస్ సీజర్‌దని చాలామంది నమ్మకం. నదిలోనే దొరికిన 31 మీటర్ల రోమన్ సరుకు పడవ కూడా ఉంది. ఈ మ్యూజియానికి మంగళవారం సెలవు.

ఆదివారం ఉదయం లీల్ సూర్ లా సోర్గ్ అనే చిన్న ఊరు. రైలులో అరగంట. కాలువల మీద నాచు పట్టిన నీటి చక్రాలు తిరుగుతుంటాయి, వాటి మధ్య పాత సామాన్ల సంత. పన్నెండున్నరకల్లా సర్దేసుకునే దుకాణాలుంటాయి కాబట్టి తొమ్మిదింటికే అక్కడుండండి. ఆ సాయంత్రానికి రొట్టె, పండ్లు కూడా అక్కడే కొనుక్కోండి, తిరిగొచ్చేసరికి అవిన్యోన్‌లో సూపర్ మార్కెట్లు చాలావరకు మూసి ఉంటాయి.

సోమవారం అందరూ విసుక్కునే రోజు. అవిన్యోన్ కూరగాయల మార్కెట్‌కు కూడా ఆ రోజు సెలవు. రోమన్ రాళ్లకు సోమవారం లేదు, నీమ్ అరేనా, మేజోన్ కారే తెరిచే ఉంటాయి. మేజోన్ కారే గుడిని రోమన్ చక్రవర్తి అగస్టస్ మనవలు గాయస్, లూసియస్‌ల పేరిట కట్టారు, 2023లో యునెస్కో జాబితాలో చేరింది. అమెరికా నేత థామస్ జెఫర్సన్ వర్జీనియా శాసనసభ భవనానికి దీన్నే నమూనాగా తీసుకున్నాడు. దీని అందమంతా బయటే, ఎదురుగా మెట్ల మీద కూర్చుని చూస్తే చాలు. అరేనాకు మాత్రం టికెట్ కొనండి. కట్టడాలన్నిటికీ కలిపి ఒకే టికెట్ కూడా అమ్ముతారు. మధ్యాహ్నం దుకాణాలు మూసిన వేళను ఫోంతేన్ తోటల నీడలో గడపండి.

మంగళవారం పోన్ దు గార్. నీమ్‌కు నీళ్లు తెచ్చిన రోమన్ కాలువ ఈ వంతెన మీదుగా నదిని దాటుతుంది. మూడు అంతస్తులు, 49 మీటర్ల ఎత్తు. కాలువ మొత్తం దాదాపు 50 కిలోమీటర్ల పొడవులో దిగువకు వంగింది పన్నెండు మీటర్ల పైచిలుకే. ఆ లెక్క మనసులో పెట్టుకుని చూడండి. అవిన్యోన్ నుంచి బస్సు ఉంది, కానీ రోజుకు కొన్నే. దిగగానే ముందు తిరుగు బస్సు వేళను ఫోటో తీసుకుని ఆ తర్వాతే వంతెన వైపు నడవండి.

భోజనం

మధ్యాహ్నం పన్నెండుకు, ఒంటిగంటకు మధ్య కూర్చోండి. రాత్రి ఏడు, ఏడున్నర దాకా వంట మొదలు కాదు. మధ్యాహ్నం పలక మీద సుద్దముక్కతో రాసే ఆ రోజు వంటకం రాత్రి భోజనం కన్నా చవక, తాజా. ‘యూన్ కరాఫ్ దో’ అని అడిగితే కుళాయి నీళ్లు ఉచితంగా తెస్తారు. ఊరికే నీళ్లంటే డబ్బులు పడే సీసా వస్తుంది. సేవా రుసుము బిల్లులోనే ఉంటుంది, టిప్ బలవంతం లేదు.

శాకాహారులకు అసలు చిక్కు మాంసం వంటకాలతో కాదు, శాకాహారంలా కనిపించేవాటితో. వేడి మేక జున్ను సలాడ్‌లో పంది మాంసం ముక్కలు చల్లుతారు, ఆలివ్ ముద్దలో చేప నూరుతారు, కూరగాయల సూప్‌కు మాంసం రసం పోస్తారు. ‘వెజిటేరియన్’ అంటే కొందరు చేప తెచ్చిపెడతారు. ‘సాన్ వియాండ్, సాన్ పువాసోన్’ అనండి, మాంసం వద్దు, చేప వద్దు అని. రటటూయి (వంకాయ, టమాటాల వంటి కూరగాయల కూర), టమాటా ప్రొవాన్సాల్ (వెల్లుల్లితో కాల్చిన టమాటా), జున్ను గాలెట్ (జున్ను పెట్టిన అట్టు) నిశ్చింతగా అడగదగ్గవి. గొడ్డు మాంసం ముట్టనివారు ఆర్ల్‌లో గార్దియాన్ అనే కూరకు దూరంగా ఉండాలి, అది కామార్గ్ ఎద్దు మాంసం. మెనూ మీద ఫోను కెమెరా పెట్టి అనువాదం చూసుకోవడం ఎవరూ తప్పు పట్టరు.

నోటికి, జేబుకు, ఒంటికి

దుకాణంలోకి అడుగుపెడుతూనే ‘బోంజూర్’ అనండి. బస్సు డ్రైవర్‌కైనా, టికెట్ కౌంటర్‌లోనైనా మొదటి మాట అదే. అది లేకుండా నేరుగా ప్రశ్న వేస్తే మొహం ముడుచుకుంటారు. ఫ్రెంచివారు పొగరుబోతులన్న ఫిర్యాదుల్లో సగం దీనివల్లే పుట్టాయని నా అనుమానం.

కార్డు దాదాపు అంతటా చెల్లుతుంది, యూపీఐ మీద ఆధారపడకండి. సంతకు, మరుగుదొడ్లకు చిల్లర ఉంచుకోండి. యంత్రం ‘రూపాయల్లోనా, యూరోల్లోనా’ అని అడిగితే ఎప్పుడూ యూరోలే. మన రెండు గుండ్రని పుల్లల చార్జర్ చాలావరకు పడుతుంది, మూడు పుల్లలదానికి అడాప్టర్ కావాలి. పారాసెటమాల్ కూడా ఆకుపచ్చ శిలువ గుర్తున్న మందుల షాపులోనే దొరుకుతుంది, ఆదివారం చాలావరకు మూసి ఉంటాయి, రోజూ వాడే మందులు చీటీతో సహా వెంట తెచ్చుకోండి. అత్యవసరానికి 112.

తిరుగు ప్రయాణం

ఒకే దుకాణంలో మూడు రోజుల వ్యవధిలో వంద యూరోలు దాటి కొని ఉంటే పన్ను వాపసు పత్రం అడిగి తీసుకోండి, పాస్‌పోర్టు చూపించాలి. విమానాశ్రయంలో పెట్టెలు అప్పగించే ముందే పాబ్లో అనే యంత్రంలో ఆ పత్రం మీది కోడ్ చూపించాలి. వస్తువులు చూపమన్నా చూపగలిగేలా పైనే సర్దుకోండి. మీ విమానం షార్ల్ ద గాల్ ఒకటో టెర్మినల్ నుంచి అయితే టీజీవీ దిగిన చోటి నుంచి అక్కడికి ఉచిత రైలు ఉంది. సాయంత్రం విమానానికి ఉదయం మొదటి టీజీవీయే ఎక్కండి.